జనవరి 11, శాస్త్రి గారి వర్ధంతి: మహబూబ్‌నగర్‌లో ప్రదర్శనకు ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి?

పాలమూరు పాఠకులు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. జనవరి 11న లాల్ బహదూర్ శాస్త్రి గారి వర్ధంతి. మహబూబ్‌నగర్‌లో ఒక గ్రంథాలయం హాల్లో ఎనిమిది బోర్డులతో ప్రదర్శన, దాంతోపాటు గంటసేపు సభ పెడదామని మా పాఠకుల బృందం అనుకుంటోంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది హైస్కూలు పిల్లలు, పోటీ పరీక్షలకు చదువుకునే యువకులు.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, మాకు దొరికిన రెండు చార్టుల్లో ఒకటి "మహబూబ్‌నగర్ రైలు ప్రమాదానికి బాధ్యత వహించి రాజీనామా చేశారు" అంటుంది, ఇంకోటి తమిళనాడులోని అరియలూరు పేరు చెబుతుంది. ఏది పెట్టాలి? కారు అప్పు, నిజాం ఇచ్చిన బంగారం, సోమవారం ఉపవాసం గురించి ఫోన్లలో తిరిగేవాటిలో ఎంత నిజం? మన ఊరి గోడ మీద మన ఊరి సంగతే తప్పుగా పెట్టకూడదని మా పట్టుదల. బోర్డుల సైజు, అచ్చు, దండ గురించి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

మీటర్‌గేజ్:

రెండు చార్టులూ చెరి సగం చెబుతున్నాయి. జరిగింది వరుసగా రాస్తే గొడవే ఉండదు.

1956 సెప్టెంబరు మొదట్లో జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. అప్పుడు శాస్త్రి గారు కేంద్ర రైల్వే మంత్రి. రాజీనామా ఇచ్చారు, ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు, నచ్చజెప్పి వెనక్కి తీసుకునేలా చేశారు. మూడు నెలలు తిరగకముందే నవంబరు 23న మద్రాసు రాష్ట్రంలో అరియలూరు దగ్గర మరుదైయారు వంతెన వరదకు దెబ్బతిని తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్ పడింది. అక్కడ 140 మందికి పైగా పోయారు. ఈసారి శాస్త్రి గారు పట్టు విడవలేదు. నెహ్రూ రాజీనామాను ఆమోదిస్తూ, ఈ ప్రమాదానికి శాస్త్రి వ్యక్తిగతంగా బాధ్యుడని కాదు, రాజ్యాంగ మర్యాదకు ఇది ఆదర్శంగా ఉంటుందని ఒప్పుకుంటున్నానని లోక్‌సభలో చెప్పారు. తర్వాత రైల్వే శాఖ బాబూ జగ్జీవన్ రామ్ చేతికి వెళ్లింది.

కాబట్టి బోర్డు మీద "మహబూబ్‌నగర్ ప్రమాదం తర్వాత రాజీనామా ఇచ్చారు, ఆమోదించలేదు, అరియలూరు తర్వాత మళ్లీ ఇచ్చారు, ఆమోదించారు" అని రాయండి. మొదటి రాజీనామా మన దగ్గరి ప్రమాదానికే అన్న సంగతి జిల్లాలోనే చాలామందికి తెలియదు. దాన్ని చెప్పుకోవడానికి అరియలూరును దాచాల్సిన పని లేదు.

చనిపోయినవారి సంఖ్య పుస్తకానికో తీరుగా ఉంటుంది. మహబూబ్‌నగర్‌కు 112 అని కొన్నిట్లో, 125 అని కొన్నిట్లో కనిపిస్తుంది. ఒకే అంకె వేస్తే ఇంకో పుస్తకం చదివినవాడు వచ్చి తప్పంటాడు. "వందమందికి పైగా" చాలు.

ఇంకో మూడు పొరపాట్లు తరచూ దొర్లుతుంటాయి. ఆ సెప్టెంబరులో మహబూబ్‌నగర్ ఉన్నది హైదరాబాద్ రాష్ట్రంలో. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది నవంబరు 1న. అంటే మొదటి ప్రమాదానికీ రెండో ప్రమాదానికీ మధ్యలో మన రాష్ట్రమే మారింది. రెండోది, "దక్షిణ మధ్య రైల్వే" అని రాయకండి. అది 1966 అక్టోబరు 2న పుట్టింది. 1956లో ఈ లైను సెంట్రల్ రైల్వేది, అదీ మీటర్‌గేజ్, అంటే పట్టాల మధ్య ఎడం ఒక మీటరే. ఇప్పటి బ్రాడ్‌గేజ్ పట్టాల ఫొటో తెచ్చి "ప్రమాదం జరిగిన లైను" అని పెడితే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. మూడోది, రాజీనామాతో ఆయన రాజకీయాలు వదిలేసినట్టు రాస్తుంటారు. 1957 ఎన్నికల్లో అలహాబాద్ నుంచి గెలిచి మళ్లీ మంత్రి అయ్యారు. రవాణా, కమ్యూనికేషన్లు చూశారు, తర్వాత వాణిజ్యం, 1961లో హోం.

పిల్లలు "వంతెన ఎందుకు కూలుతుంది" అని తప్పకుండా అడుగుతారు. ఒక బొమ్మ గీయించండి. వంతెనను మోసే స్తంభాన్ని దిమ్మె అంటారు. దాని పునాది చుట్టూ ఉన్న మట్టిని వరద కోసుకుపోతుంది. పైన పట్టాలు వరుస తప్పవు కాబట్టి డ్రైవరుకు ఏమీ కనిపించదు. ఇంజిన్ బరువు పడ్డాక గానీ దిమ్మె కుంగదు. అందుకే వానాకాలం రాత్రుళ్లు ట్రాక్ మీద పెట్రోలింగ్ నడుస్తుంది, దిమ్మెల మీద ప్రమాద మట్టం గీత ఉంటుంది. ఇది ఏ వంతెనకైనా వర్తించే సూత్రమని బొమ్మ కిందే రాయండి. జడ్చర్ల ప్రమాదానికి కారణం అని వేరే రాయాలంటే మాత్రం విచారణ నివేదిక చూసే రాయాలి. ప్రమాదాల మీద విచారణ చేసే ఇన్‌స్పెక్టర్లను 1941లోనే రైల్వే బోర్డు కింది నుంచి తప్పించి వేరే శాఖకు ఇచ్చారు. మంత్రి తన కింది మనుషులతో తనకు అనుకూలంగా విచారణ రాయించుకునే వీలు అందులో లేదు. ఇప్పటికీ రైల్వే సేఫ్టీ కమిషనర్లు పౌర విమానయాన శాఖ కిందే ఉన్నారు.

అసలు పత్రం కావాలంటే పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో మొదటి లోక్‌సభ చర్చలు ఉన్నాయి. ఊరి పేరుతో వెతికితే దొరకడం కష్టం. స్కాన్ చేసిన పేజీలు, పైగా మన ఊరి స్పెల్లింగు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. తేదీతో వెళ్లండి: 1956 సెప్టెంబరు మొదటి పక్షం, నవంబరు చివరి వారం. తెలుగు దినపత్రికల పాత సంచికలు ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వాటినీ తేదీతోనే తెరవాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. మొదటి బోర్డు మంత్రి గురించి కాకుండా ఆ రైల్లో పోయినవాళ్ల గురించి ఉండాలి. రాజీనామాను దేశమంతా తలుచుకుంటుంది. దానికి కారణమైన ప్రయాణికులను తలుచుకోవాల్సింది ఈ జిల్లానే. సభ మొదట్లో రెండు నిమిషాల మౌనం వాళ్లకూ కలిపి పాటించండి.

పానగల్లు:

నల్లగొండ నుంచి. ఫోన్లలో తిరిగేవాటి సంగతి నేను చెబుతాను.

కారు కథ నిజమే. ప్రధాని అయ్యేదాకా ఆయనకు సొంత కారు లేదు. ఇంట్లో పిల్లలు అడిగితే 1964 మోడల్ ఫియట్ కొన్నారు. నంబరు డీఎల్ఈ 6. ధర 12,000 రూపాయలు, బ్యాంకులో ఉన్నవి 7,000, మిగతా 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసుకున్నారు. తీరకముందే పోయారు. ఆ బాకీని భార్య లలితాదేవి తన పింఛనులోంచి కట్టారు. ఇదంతా కుమారుడు అనిల్ శాస్త్రి చెప్పిన వివరం, ఆ మాట బోర్డు మీద ఉండాలి. కారు ఇప్పటికీ ఢిల్లీలోని శాస్త్రి స్మారక మ్యూజియంలో ఉంది. ఫార్వర్డు చేతులు మారేకొద్దీ అప్పు అంకె పెరుగుతూ పోతుంది, ఆ అంకెలు తీసుకోకండి.

నిజాం బంగారం మన దగ్గర అందరూ నమ్మే కథ. 1965 యుద్ధంలో శాస్త్రి అడగ్గానే నిజాం 5,000 కిలోల బంగారం విరాళం ఇచ్చాడని చెప్తారు. పెట్టొద్దు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1965లో నేషనల్ డిఫెన్స్ గోల్డ్ బాండ్లలో 425 కిలోల బంగారం పెట్టారు. ఆ బాండ్ల మీద 6.5 శాతం వడ్డీ. అది పెట్టుబడి, విరాళం కాదు. ఆ ఏడాది డిసెంబరులో హైదరాబాద్ వచ్చినప్పుడు శాస్త్రి గారు దాన్ని మెచ్చుకున్నట్టు అప్పటి పత్రికల్లో ఉంది. పెద్ద మొత్తమే, ఉన్నది ఉన్నట్టు రాస్తే నిజాంకూ గౌరవమే.

సోమవారం ఒక పూట తిండి వదలడం నిజం. శాస్త్రి గారు ఎందుకు అడిగారో రాయకపోతే అది వ్రతకథలా మిగులుతుంది. 1965లో వానలు పడలేదు. దేశంలో తిండిగింజల దిగుబడి 1964-65లో సుమారు 8.9 కోట్ల టన్నులు, మరుసటి ఏడు 7.2 కోట్లకు పడిపోయింది. గోధుమలు పీఎల్ 480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద అక్కడి నుంచి ఓడల్లో రావాలి, ఆ సరఫరాను వాళ్లు ముడి బిగించి వదులుతున్నారు. ఇంకో పక్క యుద్ధం. అప్పుడు వారానికొక పూట తినడం మానమని జనాన్ని అడిగారు. సోమవారం సాయంత్రం హోటళ్లు మూసేవారు. కరువు తెలిసిన పాలమూరులో ఆ రెండు అంకెలు పెద్ద అక్షరాల్లో పెట్టండి, పెద్దవాళ్లు అక్కడే ఆగి చూస్తారు.

"జై జవాన్ జై కిసాన్" నినాదం 1965 అక్టోబరులో అలహాబాద్ జిల్లా ఉరువా సభలోది. తాష్కెంట్‌లో అన్నారని, ఎర్రకోట మీద అన్నారని కనిపిస్తుంటుంది. ఇంకో తప్పు, "శాస్త్రి" ఇంటిపేరు అనుకోవడం. కాశీ విద్యాపీఠం ఇచ్చిన పట్టా అది. కులం తెలిపే శ్రీవాస్తవ పేరును ఆయన అంతకుముందే వదిలేశారు.

చివరగా నా అభిప్రాయం. చిరిగిన చొక్కా కథలతో మూడు బోర్డులు నింపేవాళ్లను చూస్తుంటాం. నిరాడంబరత చూపించాలంటే కారు ఒక్కటి చాలు. నిజాయితీని ఆయన పద్ధతిగా ఎలా మార్చారో చూపించండి. హోం మంత్రిగా ఉండగా 1962లో అవినీతి నిరోధంపై సంతానం కమిటీ వేయించారు. ఆ కమిటీ సిఫారసుతోనే 1964 ఫిబ్రవరిలో సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ వచ్చింది. ప్రధానిగా 1964 అక్టోబరులో ఆనంద్ వెళ్లి పాల సహకార సంఘాలను చూశారు, మరుసటి ఏడాది జాతీయ పాడి అభివృద్ధి బోర్డు (ఎన్‌డీడీబీ) ఏర్పడింది. భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) కూడా 1965లోనే. గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ఇవి పరీక్షలో కూడా పనికొస్తాయి.

నారాయణపేట నూలు:

వివరాలు మస్తుగ చెప్పిన్రు. నేను గోడ మీదికి ఎక్కించే పని సంగతి చెప్త.

బోర్డు 2 అడుగులు × 3 అడుగులు, 5 ఎంఎం సన్‌బోర్డ్, అంటే తేలికగ ఉండే ఫోమ్ షీటు. 3 ఎంఎం తీసుకుంటే రెండో రోజుకే మూలలు వంగుతయి. పైన మ్యాట్ లామినేషన్ అడుగుర్రి. గ్లాసీ వేయిస్తే ట్యూబులైటు వెలుగు దాని మీద పడి ఒక్క ముక్క చదవరాదు. బోర్డుకు 80 మాటలు దాటొద్దు. శీర్షిక పది అడుగుల దూరం నుంచి కనవడాల్నంటే అక్షరం ఎత్తు అంగుళమన్న ఉండాలె, కింద రాసేది అర అంగుళానికి తగ్గొద్దు. హైస్కూలు పిల్లలు వస్తరు గనుక బోర్డు నడిమి భాగం నేల నుంచి నాలుగున్నర అడుగుల మీద ఉంటే సరిపోతది.

అసలు పని చెడేది ప్రింటింగ్ దుకాణంల. మీరు ఫోన్‌ల యూనికోడ్‌ల టైపు చేసి వాట్సాప్‌ల పంపుతరు. వాళ్లు యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లల్ల పని చేస్తరు, లేకుంటే పాత ఫొటోషాప్‌ల అతికిస్తరు. ఒత్తులు ఊడిపోతయి. అన్నిటికంటే ముందు చెడేది "శాస్త్రి" అన్న మాటే. స కింద తకారం, దాని కింద రేఫం, గుడి, ఇన్ని ఒక్కతాన ఉన్నయి గద, స పక్కకు త ఒత్తు జరిగి, ర ఒత్తు ఎటో పోయి, గుడి గాల్ల నిలవడ్తది. మహనీయుని పేరే విరిగిపోయిన ఫ్లెక్సీలు ఊరూర ఉంటయి. అట్ల కావొద్దంటే కంప్యూటర్‌ల మీరే పేజీ తయారు చేసి, ఫాంట్ ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఇయ్యుర్రి. వాళ్లు ఫొటోషాప్‌లనే చేస్తమంటే టెక్స్ట్ సెట్టింగుల వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టుమని చెప్పుర్రి. ఎనిమిది బోర్డులు ఒక్కసారి కొట్టియ్యకుండ, ముందుగాల ఒక ఏ4 కాయితం మీద ప్రూఫ్ తీపిచ్చి శాస్త్రి, రాష్ట్రం, మంత్రి, ప్రభుత్వం, ఈ నాలుగు మాటలు చూసుకోండ్రి. ఇవి సక్కగ వస్తే మిగతయి కూడ వస్తయి.

ఫొటోలు: ఫార్వర్డ్ అయిన బొమ్మను పెద్దగ చేస్తే ముఖమంత గళ్లు గళ్లు పడ్తది. 12 × 18 అంగుళాలకు తక్కువల తక్కువ 1800 × 2700 పిక్సెళ్లు కావాలె. రంగులద్దిన ఫొటోలు వద్దు, నలుపు తెలుపే పెట్టుర్రి.

పాత గ్రంథాలయాలల్ల గోడలు సున్నంవి ఉంటయి. డబుల్ టేపు అతికిస్తే రాత్రికి సున్నంతోని సహా ఊడి కింద పడ్తది. కిటికీ ఊచల నుంచి ఊచలకు జనపనార తాడు గుంజి కట్టి, బోర్డుకు పైన రెండు రంధ్రాలు వేసి వేలాడదీయుర్రి. రంధ్రం అంచుకు అంగుళంన్నర లోపలికి ఉండాలె, మరీ అంచుకు వేస్తే సన్‌బోర్డ్ చీరుతది.

దండ నూలుదే వెయ్యాలె. 1928ల పెండ్లి నాడు కట్నం కింద ఒక రాట్నం, కొన్ని గజాల ఖద్దరు తప్ప తీసుకోని మనిషి ఆయన. ఖాదీ భండార్‌ల నూలు చిలపలు (వలయంగ చుట్టిన నూలు కట్టలు) దొరుకుతయి. గంజి పెట్టని నూలు అడగాలె, గంజిది బిరుసుగ నిలవడి ఫ్రేము మీద ఒదగదు. చిలపను విప్పొద్దు, విప్పితే చిక్కు వడ్తది, ఇగ తీయరాదు. వలయంగ ఉన్నదాన్ని రెండు చేతులతోని తెరిచి, కింది నడుమ రంగు దారంతోని నాలుగు చుట్లు బిగించి, దాని కింద బెత్తెడు కుచ్చు వదలాలె. 18 × 24 అంగుళాల ఫ్రేముకు రెండు చిలపలు కలిపితే నిండుగ కనవడ్తది. సంక్రాంతి ముందర బంతిపూల ధర ఎట్లుంటదో తెలుసు గద, ఆ ఖర్చు సుత మిగుల్తది.

బల్ల మీద మూడు రంగుల జెండా పరుస్తరు కొందరు. ఫ్లాగ్ కోడ్ ఒప్పుకోదు. నారాయణపేట చేనేత గుడ్డ పరుచుర్రి, లేకుంటే తెల్ల ఖద్దరు.

పాలమూరు పాఠకులు:

అందరికీ ధన్యవాదాలు. రాజీనామా బోర్డును మీటర్‌గేజ్ గారు చెప్పిన వరుసలోనే రాస్తున్నాం, మొదటి బోర్డు ప్రయాణికులకే. ఇంకో రెండు సందేహాలు. తాష్కెంట్ మరణం గురించి పిల్లలు యూట్యూబ్‌లో చూసినవన్నీ అడుగుతారు, ఆ బోర్డు మీద ఏం రాయాలి? 11న సెలవులు మొదలైపోతే పిల్లలు వస్తారా?

జూరాల గట్టు:

తాష్కెంట్ బోర్డు చిన్నగా, ఖరాఖండీగా ఉంచండి. 1966 జనవరి 10న పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్‌తో తాష్కెంట్ ఒప్పందం మీద సంతకం చేశారు. ఆ రాత్రి, 11 తెల్లవారకముందే మరణించారు. గుండెపోటు అని అధికారికంగా ప్రకటించారు. పోస్ట్‌మార్టం అక్కడా చేయలేదు, ఇక్కడా చేయలేదు. కుటుంబం అనుమానాలు వ్యక్తం చేసింది. ఆయన శవపేటికను మోసినవాళ్లలో అయూబ్ ఖాన్, సోవియట్ ప్రధాని కొసిగిన్ ఉన్నారు. అంత్యక్రియలు ఢిల్లీలో, ఆ చోటే విజయ్ ఘాట్. మరణానంతరం భారతరత్న పొందిన మొదటి వ్యక్తి ఆయనే, 1966లో. ఇక్కడితో ఆపండి. విషం, గూఢచారులు అంటూ ఎవరైనా సభలో మొదలుపెడితే, పోస్ట్‌మార్టం జరగలేదన్న వాక్యం చూపించి, రుజువైంది ఇంతవరకేనని చెప్పండి. దాచినట్టూ ఉండదు, అల్లినట్టూ ఉండదు.

సెలవుల సంగతి ముందే చూసుకోవాలి. తెలంగాణలో సంక్రాంతి సెలవులు చాలా ఏళ్లు సరిగ్గా ఆ తేదీలకే మొదలవుతాయి. బోర్డులు 8వ తేదీకే కట్టేసి, 9, 10 తేదీల్లో బడులను తరగతుల వారీగా రమ్మనండి. ఒక్కో జట్టులో 25 మంది, 20 నిమిషాలు. అంతకంటే ఎక్కువైతే వెనకవాళ్లు చదవరు. ప్రధానోపాధ్యాయులకు ఉత్తరం డిసెంబరులోనే ఇవ్వండి. 11న పెద్దవాళ్లతో సభ.

ఆ గంట ఎట్లా గడుస్తుందో మన దగ్గర అందరికీ తెలుసు. వచ్చిన ప్రతి అతిథీ దండ వేసి ఫొటో దిగేసరికి అరగంట పోతుంది. దండ ఒక్కటే, అదీ సభకు ముందే వేసి ఉంచండి. మౌనం రెండు నిమిషాలు. తర్వాత ఇద్దరు విద్యార్థులు 1956 నవంబరు నాటి లోక్‌సభ చర్చలోని రాజీనామా భాగాన్ని తెలుగులో చదవాలి, ఎనిమిది నిమిషాలు. ఆ తర్వాత ఒకే ఒక్క వక్త, ఇరవై నిమిషాలు. మిగతా సమయం ప్రశ్నలకు. వేదిక మీద కుర్చీలు మూడు దాటనీయకండి. నాలుగోది వేస్తే పదోదాకా వెళ్తుంది.

ఎనిమిదో బోర్డు ఇంకా ఖాళీగా ఉంటే ఆలమట్టి పెట్టండి. 1964 మే నెలలో ఆ డ్యామ్‌కు శంకుస్థాపన చేసింది శాస్త్రి గారే, ప్రధాని కావడానికి కొన్ని రోజుల ముందు. ఆ జలాశయం పేరు లాల్ బహదూర్ శాస్త్రి సాగర్. పైన ఆలమట్టి, నారాయణపూర్ నిండి గేట్లెత్తితే మన జూరాలకు వరద వస్తుందని ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కృష్ణా నది గీత ఒకటి గీసి, పై నుంచి కిందికి ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ గుర్తులు పెట్టండి. నల్లగొండ నుంచి వచ్చేవాళ్లు కూడా సాగర్ దాకా వేలు పెట్టి చూసుకుంటారు.

మీటర్‌గేజ్:

ఆ లోక్‌సభ భాగం ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు చేసేటప్పుడు నెహ్రూ వాక్యాన్ని కుదించకండి. "శాస్త్రి బాధ్యుడని కాదు" అన్న ముక్క తీసేసి చదివితే అర్థం తిరగబడుతుంది. చదివే పిల్లలకు పెద్ద అక్షరాల్లో, కాగితానికి ఒకవైపే ప్రింటు తీసి ఇవ్వండి, పేజీ తిప్పేటప్పుడు మైకులో చప్పుడు రాదు.